ఆరువందల పన్నెండు బల్బులు, ఒక తెల్లగుడ్డ

భయం లేని రోజులు కొన్ని నాకూ ఉండేవి. ఈ వాక్యం రాసేలోపు రెండుసార్లు లేచి వెళ్లి, నిద్రపోతున్న పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసి వచ్చాను. గ్యాసు కట్టేశానో లేదో అని వంటింట్లోకి ఒకసారి, వీధి తలుపు గడియ కోసం ఒకసారి తిరిగాను. కాబట్టి మీరు నమ్మకపోయినా తప్పు పట్టను. కానీ ఆ రోజుల్లో, అంటే ఏడేళ్ల కిందట, నాకు ఇరవైమూడేళ్లప్పుడు, నేను దేనికీ జంకేదాన్ని కాదు. తెలిసిన పనిని తెలుసు అనేదాన్ని. తెలియని పనిని ఇంకా గట్టిగా తెలుసు అనేదాన్ని. ఆ రెండో రకం ధైర్యం వల్ల ఒకసారి తిరుపతిలో ఒక పెళ్లిమండపానికి గోడ లేకుండా పోయింది. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం ఒకటుంది, అది చివర్లో వస్తుంది.

ఆర్కిటెక్చర్ చదువు ముగించి, తిరుపతి బస్టాండుకు కొంచెం అవతల, ఒక టిఫిన్ హోటల్ పైన ఉన్న చిన్న ఆఫీసులో చేరాను. ఆఫీసులో ముగ్గురమే. ఒకరు మా సారు, ఆయనదే ఆఫీసు. రెండోవారు కాట్పాడి అన్న. ఆయన రోజూ కాట్పాడి నుంచి రైల్లో వచ్చేవారు కాబట్టి ఆ పేరు, అసలు పేరుతో పిలిస్తే ఆయనే పలికేవారు కాదు. మూడోదాన్ని నేను. అదే రైలు పాకాలలో ఎక్కి ఆయనతోపాటే దిగేదాన్ని. మొదటి మూడు నెలలూ పరీక్ష, నచ్చితే ఉంచుకుంటాం, లేకపోతే లేదు అన్నారు సారు. ఇంట్లో మా అమ్మతో కూడా ఒక ఒప్పందం జరిగింది. మూడు నెలల్లో ఉద్యోగం నిలబడకపోతే నోరు మూసుకుని బీఈడీలో చేరాలి. అమ్మ మాటల మనిషి కాదు, చేతల మనిషి. బీఈడీ దరఖాస్తు తెప్పించి, నింపించి, నా ఫోటో పిన్ను కొట్టించి, ఫ్రిజ్ మీద పెట్టింది. నేను పొద్దున్నే పెరుగు కోసం ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా పైనుంచి నా ముఖమే నన్ను జాలిగా చూసేది.

పరీక్ష అన్నారు గానీ నాకు ఇచ్చిన పనల్లా బాత్‌రూములే. తిరుపతి లాడ్జీల ఊరు. ఒక్కో లాడ్జిలో ఎన్ని గదులో అన్ని బాత్‌రూములు. వాటికి కొలతలు వేయడం, టైల్సు లెక్క చూడడం, కుళాయి ఎటు తిరగాలో చూపించడం, ఇదే. రెండు నెలల్లో తొంభైనాలుగు గీశాను. (లెక్క ఎందుకు పెట్టుకున్నానంటే, పెట్టుకోవడానికి ఇంకేమీ లేక.) అసలైన పని, అంటే కట్టబోయే గదికి కంప్యూటర్లో గోడలూ రంగులూ వెలుతురూ తొడిగి, ఫోటో తీసినట్టు బొమ్మ తయారు చేసే పని కాట్పాడి అన్నది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక బలమైన కంప్యూటర్ ఆయన ముందే ఉండేది. మేము దాన్ని పెద్ద సిస్టమ్ అనేవాళ్లం. దాని మీద దుమ్ము తుడవడం దాకా నాకు అనుమతి ఉండేది.

మూడో నెల మొదలైన వారంలో అన్న మేనకోడలికి చెవులు కుట్టించడానికి సెలవు పెట్టారు. అదే రోజు సారు ఒక ఫైలు పట్టుకుని వచ్చారు. చిత్తూరు వైపు మామిడిగుజ్జు ఫ్యాక్టరీ నడిపే పెద్దాయన ఒకరు తిరుపతిలో లాడ్జి కడుతున్నారు. (ఆయన్ని మేము గుజ్జు ఆసామి అనేవాళ్లం, ఎదురుగా మాత్రం అయ్యా.) లాడ్జి కింద, నేల లోపల, ఏడువందల మంది పట్టే పెళ్లిమండపం. చుట్టూ మట్టే కాబట్టి ఒక్క కిటికీ లేదు. దానికి బొమ్మ కావాలి. సారు ఖాళీ కుర్చీ వైపు చూసి నిట్టూర్చారు. నేను లేచి నిలబడ్డాను.

“నేను చేస్తాను సార్.”

“నీకు వచ్చునా?”

“వచ్చు సార్.” (రాదు. కాలేజీలో ఒక పడకగదికి చేశాను. దానికి రెండు కిటికీలుండేవి.)

ఆసామి కోరిక ఒక్కటే. మండపం కప్పులో ఆరువందల పన్నెండు గుండ్రటి బల్బులు పెట్టిస్తున్నారట. ఎందుకు ఆరువందల పన్నెండు అంటే, చిత్తూరులో ఆయన తోడల్లుడి మండపంలో ఆరువందలు ఉన్నాయట. ఆ బల్బులన్నీ బొమ్మలో వెలగాలి. నేను నిజాయితీపరురాలిని కాబట్టి ఆరువందల పన్నెండు దీపాలూ ఒక్కొక్కటిగా కప్పులో అమర్చి, అన్నిటికీ నిజమైన వెలుతురు ఇచ్చి, మీట నొక్కాను. పెద్ద సిస్టమ్ కాసేపు ఆలోచించింది. తర్వాత కింద హోటల్లో ఇడ్లీపిండి రుబ్బే గ్రైండర్‌కు పోటీగా మోగడం మొదలుపెట్టింది. తెర మీద ‘మిగిలిన సమయం అరవైఒక్క గంటలు’ అని వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి చూస్తే డెబ్బైనాలుగు గంటలు అయింది. ముందుకు నడవాల్సిన బండి వెనక్కి నడవడం నేను అంతకుముందు చూడలేదు. అప్పుడు నాకు తెలియనిదేమిటంటే, కంప్యూటర్ ప్రతి దీపం నుంచీ కిరణం ఎటు పోతుంది, ఏ గోడకు తగిలి ఎటు తిరుగుతుంది అని విడివిడిగా లెక్క వేస్తుంది. ఒక్క దీపమైతే ఒక లెక్క. ఆరువందల పన్నెండైతే, ఒక్క వంటమనిషికి ఏడువందల మందీ తలా ఒక కూర చెప్పినట్టు.

మర్నాటికి బొమ్మలో పన్నెండో వంతు కూడా రాలేదు. వచ్చినంత మేరా బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. పెళ్లిమండపం కాదు, ఉప్మాకు సిద్ధం చేసిన బాణలి. పదకొండింటికి కరెంటు పోయింది, అంతా మొదటికి వచ్చింది. ఆసామి ఆ మరుసటి రోజే వస్తున్నాడు.

అప్పుడు కాట్పాడి అన్న సెలవు నుంచి తిరిగి వచ్చారు. తన కుర్చీలో నన్ను చూసి కోపం రాలేదు, పైగా జాలిపడ్డారు. అదే నాకు మంట.

“అయ్యయ్యో, ఎన్నమ్మా ఇది? ఇన్ని దీపాలు ఎవరు పెట్టమన్నది?”

“ఆసామి అడిగినాడు అన్నా.”

“ఆయన బంగారు కప్పు కూడా అడుగుతాడు. చూడమ్మా, కెమెరా వెనక గోడ ఎవరికీ కనపడదు కదా? దాన్ని పీకెయ్. సూర్యుణ్ణి లోపలికి తోలు. సూర్యుడు ఒక్కడే, కంప్యూటర్‌కు లెక్క సులువు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.”

పీకేశాను. తోలాను. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే, నేనే నమ్మలేకపోయాను. బంగారు రంగు ఎండ నేల మీద పొడుగ్గా పరుచుకుని, వేదిక మెట్లు ఎక్కి, పెళ్లికూతురు కూర్చునే సింహాసనం దాకా వెళ్లింది. సారు చూసి “భలే” అన్నారు. అన్న చూసి “సూపర్” అన్నారు. భూమిలో పదిహేను అడుగుల లోపల ఉన్న గదిలోకి ఎండ ఎలా వచ్చిందని చదువుకున్న మా ముగ్గురిలో ఒక్కరికీ తోచలేదు.

ఆసామి ఒక్కడే రాలేదు, వాస్తు చూసే సామిని వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న పెద్దాయన, జేబులో దిక్సూచి. బల్ల మీద బొమ్మ పరిచాం. ఆసామి ముఖం వెలిగిపోయింది. సామి ముఖంలో మాత్రం మార్పు లేదు. చాలాసేపు చూసి, నా వైపు తిరిగాడు.

“ఇది పగలా, రేయా అమ్మణ్ణీ?”

“పగలే సామీ.”

“మండపం భూమిలో ఉండాది గదా?”

“అవును సామీ.”

“మరి ఈ ఎండ యాడ్నుంచి వస్తా ఉండాది?”

ఆయన దిక్సూచి తీసి బొమ్మ మీదే పెట్టాడు. పక్కన మా ప్లాను కాగితం పెట్టి, వేదిక తూర్పు వైపుకు వచ్చేలా బొమ్మను మెల్లగా తిప్పాడు. నేల మీది ఎండ చారను వేలితో వెనక్కి రాసుకుంటూ, బొమ్మ అంచు దాటి, బల్ల అంచు దాకా పోయి ఆగాడు. ఆ వేలు చూపించిన చోట మా సారు కూర్చుని ఉన్నారు.

“నైరుతి!” అన్నాడు.

ఆసామి కుర్చీ కిర్రుమంది. “నైరుతిలో బొక్క పెట్టినారా సారూ? ఆడ జరిగే మొదటి పెండ్లి నా కూతురిది! నైరుతి మూసుండాల, బరువుండాల అని చిన్న పిలకాయలకు గూడా తెలుసు గదా!”

సారు గొంతు సవరించుకుని, “కొత్త పిల్ల అయ్యా. ఏదో కిటికీ పొరపాటున…” అన్నారు.

ఆయన్ని ఆదుకుందామని నేను ముందుకు వచ్చాను. దేవుడి సాక్షిగా, ఆదుకుందామనే. “కిటికీ ఏమీ పెట్టలేదు అయ్యా. ఆడ అసలు గోడే లేదు” అన్నాను.

“గోడే లేదా!”

ఆసామి లేచి నిలబడ్డాడు. సామి దిక్సూచి జేబులో పెట్టుకున్నాడు. అది పెట్టుకున్న తీరులోనే తీర్పు ఉంది. పోతూ పోతూ ఆసామి ఇంకోసారి బొమ్మ చూసి, “నా బల్బులు గూడా ఒక్కటీ ఎలగలా” అన్నాడు, కోపం పోయి బాధగా. ఆ ఎండ ముందు ఆరువందల పన్నెండూ మజ్జిగ చుక్కల్లా వెలవెలబోయి ఉన్నాయి, నిజమే. గురువారం మళ్లీ వస్తాననీ, ఆరోజు సరిగా లేకపోతే మదనపల్లెలో ఇంకో ఆఫీసు చూసుకుంటాననీ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ రోజు సోమవారం. సారు కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. “అన్న చూసుకుంటారులే. నువ్వు నెలాఖరు దాకా బాత్‌రూములు చెయ్యి” అన్నారు. నెలాఖరు దాకా అన్న మాట గాలిలో అలా ఉండిపోయింది. మూడో నెల చివర అంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు. నాకు ఫ్రిజ్ మీది ఫోటో కళ్ల ముందు కనిపించింది. గోడ పీకమన్న సలహా ఎవరిదో నేను చెప్పలేదు. అన్న కూడా చెప్పలేదు, కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“నేనే చేస్తాను సార్” అన్నాను.

“ఏం చేస్తావు? ఇంకో గోడ పీకుతావా?”

“ఒక్క గోడా పీకను. సూర్యుణ్ణి తేను. మండపం ఎట్ల ఉంటుందో అట్లే మూసిపెట్టి, లోపలి వెలుతురుతోనే చేస్తాను. బుధవారం సాయంత్రానికి కాకపోతే మీరు పంపించక్కర్లేదు, నేనే పోతాను.”

ఎలా చేస్తానో నాకు ఆవగింజంత కూడా తెలియదు. కానీ తొంభైఐదో బాత్‌రూము గీయనని మాత్రం కచ్చితంగా తెలుసు. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను.

ఆ సాయంత్రం రైల్లో కాట్పాడి అన్న నాకు ఎదురుగా కూర్చుని, శనగలు కొని పొట్లం నా వైపు జరిపారు. “నా మాట విన్నందుకే గదామ్మా ఇదంతా” అన్నారు మెల్లగా. “మీరు చెప్పింది మీరు చెప్పినారు, పీకింది నేను. ఇంగ ఆ మాట వద్దు” అని పొట్లం వెనక్కి జరిపాను. (ఆకలి దంచేస్తోంది. అయినా తినలేదు. పౌరుషం.) రైలు చంద్రగిరి చేరేసరికి జోరు వాన, అప్పుడే నాయన ఫోను. “మే, ఈడ చంద్రగిరిలోనే ఉండా. దిగు, పని కాంగానే ఇద్దరం ఆటోలో పోదాం” అన్నాడు.

మా నాయన సంగతి చెప్పలేదు కదూ. పాకాలలో మాకు షామియానాల కొట్టు ఉంది. షామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు, లైట్‌సెట్టు అద్దెకిస్తాం. కాలేజీలో ఎవరైనా నాయన ఏం చేస్తాడంటే నేను వ్యాపారం అనేదాన్ని. లైట్‌సెట్టు అనేదాన్ని కాదు. ఇది కూడా ఈ రాతలో ఒప్పుకోవలసిన వాటిలో ఒకటి.

ఆ రోజు చంద్రగిరిలో ఒక నిశ్చితార్థం. వానకు షామియానా తడిసి ముద్దయి కూలబడింది. చుట్టాలందరినీ పక్కనే ఉన్న శనక్కాయల గోడౌనులోకి తరలించారు. రేకుల కప్పు, నాలుగు పక్కలా గోడలు, ఒక్క తలుపు. కిటికీ అన్నదే లేదు. నేను గొడుగు మూసి లోపల అడుగుపెట్టి అలాగే నిలబడిపోయాను. నా మండపమే, శనక్కాయల వాసనతో.

నాయన దగ్గర ఒక చిన్న జనరేటరు, రెండు ఫోకస్ లైట్లు ఉన్నాయి. పెళ్లికొడుకు మామ ఒకాయన వెంటపడుతున్నాడు.

“రెండు లైట్లు యాడికి చాలతాయప్పా? ఇంగా పది తగిలించు!”

“తగిలించను” అన్నాడు నాయన, నిచ్చెన మీంచి కిందికి కూడా చూడకుండా.

“అదేం మాటప్పా? డబ్బులిస్తా ఉండాం గదా?”

“పది పెడితే జనరేటరు పడకేస్తాది. పడకేసినాక చీకట్లో నీ మేనల్లుడు ఎవురికి ఉంగరం తొడుగుతాడో నాకు తెలీదు. రవ్వంతసేపు గమ్మునుండు సామీ.”

రేకుల కింద, ఈ గోడ నుంచి ఆ గోడకు, పొడుగాటి తెల్లగుడ్డ ఒకటి బిగించి కట్టాడు. రెండు ఫోకస్ లైట్లనూ మనుషుల వైపు కాకుండా తలకిందులుగా గుడ్డ వైపు తిప్పాడు. జనరేటరు లాగాడు. అంతే. గోడౌను నిండా వెలుతురు మెత్తగా దిగింది, ముసురు పట్టిన రోజు మధ్యాహ్నంలా. ఎవరి ముఖం మీదా గీతల్లాంటి నీడల్లేవు. మూలన బస్తా మీద కూర్చున్న అవ్వ ఒకామె, ఏమీ జరగనట్టు మల్లెపూలు కట్టుకోవడం మొదలుపెట్టింది. మామ ఉంగరం డబ్బీ కోసం పరిగెత్తాడు.

నిచ్చెన దిగిన నాయనకు తువ్వాలు అందించి, “రెండిటితో ఎట్లా నాయనా?” అన్నాను.

“బల్బు మింద బల్బు పెట్టుకుంటా పోతే కండ్లు చెదరతాయి గానీ మొగాలు కనపడవు మే. ఎలుగు పుట్టేది బల్బులో. మనిషికి అందేది మాత్రం గుడ్డలోంచి. గుడ్డ ఎంత పెద్దదైతే ఎలుగు అంత నెమ్మదిగా ఉంటాది.” తల తుడుచుకుంటూ నా ముఖం చూశాడు. “ఏం మే, ఆఫీసులో ఏమన్నా అన్నారా?”

“ఏం లేదు.”

“ఏం లేకపోతే మొగం అట్ల ఎందుకుండాది? ఇంత ఎలుగులో కనపడదనుకున్నావా?”

తిరిగి వచ్చేటప్పుడు లగేజి ఆటో వెనక, తడి షామియానా మూట మీద కూర్చున్నాను. నాయన ముందు కూర్చుని డ్రైవరుకు వాన గురించి చెబుతున్నాడు. నా బుర్రలో మాత్రం ఆ గుడ్డే ఆడుతోంది. నాయనకు గుడ్డ ఊరికే వెలగదు, దానికి ఫోకస్ లైటు కావాలి, దానికి జనరేటరు కావాలి. నాకు కంప్యూటర్లో అవేవీ అక్కర్లేదు కదా! గుడ్డనే దీపం చేసేస్తే? నిప్పు అంటుకోదు, బరువుండదు, కట్టే తాడు కూడా అవసరం లేదు. పైగా కెమెరాకు కనపడకుండా దాచేయొచ్చు. రేణిగుంట దాకా వినపడేలా అరవాలనిపించింది. మూట మీంచి జారి కుర్చీల మీద పడ్డాను. మోచేయి దోక్కుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

మంగళవారం పొద్దున పెద్ద సిస్టమ్ ముందు కూర్చుని, పీకిన గోడ తిరిగి నిలబెట్టి, సూర్యుణ్ణి బయటికి పంపి, ఆరువందల పన్నెండు దీపాలనూ ఒక్క దెబ్బకు ఎంచుకున్నాను. వెనక కాట్పాడి అన్న నిలబడి ఉన్నారు.

“వద్దమ్మా. ఆసామి అడిగింది అవే. ఒకటి తగ్గినా ఎంచుతాడు.”

“ఎంచుకోనీ అన్నా.”

తుడిచేశాను. మండపం కాటుక డబ్బీ అయిపోయింది. అన్న నా పక్క కుర్చీలో కూలబడ్డారు. ఆ తర్వాత బల్బుల ఆకారాలను మాత్రం కప్పులో ఉంచి, చూడడానికి మెరిసేలా, కానీ ఎవరి మీదా వెలుతురు పడని విధంగా వాటికి రంగు వేశాను. (అంటే పేరంటానికి వచ్చి పని చేయకుండా నగలు మాత్రం మెరిపించే చుట్టాల్లాగా.) కప్పుకు జానెడు కిందుగా ఐదు పెద్ద చదరాలు పరిచి, వాటికి వెలుతురిచ్చి, కెమెరాకు కనపడకుండా చేశాను. నా ఐదు తెల్లగుడ్డలు. పోయినసారిలాగా ఒక్కసారే పెద్ద బొమ్మకు ఎగబడలేదు, తపాలాబిళ్లంత బొమ్మ తీసి చూశాను. నలభై సెకన్లు. ఒక మూల చీకటి. గుడ్డ కొంచెం జరిపి మళ్లీ తపాలాబిళ్ల. వేదిక దగ్గర వెలుతురు ఎక్కువైంది, తగ్గించి మళ్లీ. అలా ముప్పైనాలుగు తపాలాబిళ్లలు అయ్యాక, బుధవారం మధ్యాహ్నం పెద్ద బొమ్మకు మీట నొక్కాను. చూస్తూ కూర్చుంటే గుండె ఆగేలా ఉందని అన్న నన్ను కిందికి టీకి లాక్కుపోయారు. పైకి వచ్చేసరికి గ్రైండర్ చప్పుడు లేదు. మళ్లీ కరెంటు పోయిందనుకున్నాను. కాదు. అన్న తెర మీదికి వంగి, “ముడింజిదా?” అన్నారు అరవంలో, నిజంగా అయిపోయిందా అని. ముప్పైఎనిమిది నిమిషాలు. రవ్వ లేదు. మండపం నిండా నెమ్మదైన వెలుతురు, కప్పులో నక్షత్రాల్లా ఆరువందల పన్నెండు బల్బులు. కెమెరా వెనకదానితో కలిపి నాలుగు గోడలూ ఉన్నాయి. నేను రెండుసార్లు ఎంచాను.

గురువారం సమావేశానికి ముందు సారు ఒకటే షరతు పెట్టారు. “నువ్వు నోరు తెరవకు.” న్యాయమే.

వాస్తు సామి మళ్లీ దిక్సూచి తీశాడు. వేలు పెట్టి రాయడానికి ఈసారి నేల మీద ఎండ చార లేదు. వేలు గాలిలో తిరిగి తిరిగి కప్పు నడుమ ఆగింది. “నడిమధ్య నుంచి సమానంగా దిగతా ఉండాది ఎలుగు. నాలుగు మూలలూ మూసుండాయి. దోషం లేదు” అన్నాడు. ఆసామి కళ్లద్దాలు సర్దుకుని బల్బులు ఎంచడం మొదలుపెట్టాడు. నలభై దాకా ఎంచి, దారి తప్పి, తల ఎత్తాడు.

“అన్నీ ఎలగతా ఉండాయి గదా అమ్మణ్ణీ?”

సారు నా వైపు చూసి కళ్లతో బతిమాలారు. అవునంటే చాలు. ఉద్యోగం నాది, బీఈడీ ఇంకెవరిదో. కానీ మూడు రోజుల కిందటే ఒక లేని ఎండను ఉన్నట్టు చూపించి మాట పడ్డాను. ఇంకోసారి పడదలచుకోలేదు.

“ఎలగతా ఉన్నట్టు కనపడతాయి అయ్యా. కానీ వాటిలో ఒక్కటి కూడా వెలుతురు ఇయ్యడం లేదు.”

సారు కళ్లు మూసుకున్నారు.

“మరి ఈ ఎలుగంతా?”

“కప్పు కింద ఐదు తెల్లగుడ్డలు కట్టినా. అవి మీకు కనపడవు. ఎలుగు వాటిది. బల్బులు ఉత్త సోకు.”

ఆసామి బొమ్మను దగ్గరికి లాక్కున్నాడు. మెల్లగా అన్నాడు, “నా కూతురికి కండ్లల్లో నలుసుబడినట్టు అవతాది జాస్తి లైట్లుంటే. మా తోడల్లుడి మండపంలో తలెత్తలేకపోయింది పాప. ఆ గుడ్డలు నిజంగా గూడా కట్టొచ్చునా?”

నేను నోరు తెరిచేలోపే సారు కుర్చీలో ముందుకు వంగారు. “అదే అయ్యా మా ఆలోచన! కప్పు అంచుల్లో లైట్లు దాచి, వెలుతురు తెల్లటి కప్పుకు కొట్టి కిందికి దింపుతాం. మొదటి నుంచీ మేము అనుకుంటున్నదే అది!” మొదటి నుంచీ! నేనూ అన్నా ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆసామి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. బల్బులు ఆరువందల ఒకటి ఉండాలి, సోకుకైనా సరే. తోడల్లుడి కంటే ఒకటి ఎక్కువ.

నెలాఖరుకు నా ఉద్యోగం నిలిచింది. గుర్తింపు కార్డుకు ఫోటో అడిగితే, నా దగ్గర ఇంకొకటి లేక, ఫ్రిజ్ మీది దరఖాస్తుకు ఉన్నదే పీకి ఇచ్చాను. ఆ కార్డులో నా నుదుటి మీద పిన్ను పొడిచిన రెండు బొక్కలు ఉండేవి. ఎవరైనా అడిగితే యుద్ధంలో తగిలిన గాయాలనేదాన్ని. దరఖాస్తు మిగిలిన భాగాన్ని అమ్మ ఏమీ అనకుండా మసాలా డబ్బాల కింద పరిచింది.

మండపంలో మొదటి పెళ్లి ఆసామి కూతురిదే జరిగింది. వేదిక పూలంకరణకు లైట్లు నాయనే తెచ్చాడు, నంబరు నేనే ఇచ్చాను. అక్కడ మా సారుకు శాలువా కప్పారు. మండపంలో వెలుతురు పంచిన విధానానికట. నేను కింద చప్పట్లు కొడుతూ వేదిక పక్కకు చూస్తే, నాయన వైరు చుట్ట భుజానికి తగిలించుకుని, తల పైకెత్తి కప్పు వైపే చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లాను.

“ఈ ఎలుగు ఎవుడో పని తెలిసినోడు పెట్టినాడు మే” అన్నాడు మెచ్చుకోలుగా. “సూడు, ఎవురి మొగం మిందా నీడ లేదు.”

“నువ్వే నాయనా పెట్టింది.”

“గమ్మునుండు మే. నేనీడికి రావడం ఇదే మొదులు” అని, వైరు మోసుకుని వెళ్లిపోయాడు. వివరంగా చెబుదామని వెనకే నాలుగడుగులు వేశాను. అంతలో ఎవరో పిలిచారు, పెళ్లి సందడి. తర్వాత నా పెళ్లి, ఊరు మారడం, పాప. చెప్పడం కుదరలేదు అనడం అబద్ధం. శాలువా కప్పుకున్నాయన కింద నా జీతం నడుస్తున్నన్నాళ్లూ గట్టిగా చెప్పడానికి నోరు రాలేదు, అంతే. ఆసామి ముందు రెచ్చిపోయి మాట్లాడిన పిల్లకు ఆ ఒక్క చోట మాత్రం ధైర్యం తక్కువైంది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను, ఎవరికి కోపం వచ్చినా సరే. ఆ ఆలోచన మా సారుది కాదు. నాది కూడా సగమే. అది పాకాల లైట్‌సెట్టు ఆయనది. అచ్చయ్యాక ఈ కాగితాన్ని తీసుకుపోయి కొట్లో ఆయన చేతికిస్తాను. గమ్మునుండు అంటాడు. ఉండను.

ఇంతదాకా రాసి తల ఎత్తి చూస్తే, పాప మంచం చుట్టూ నా కాపలా కనిపించింది. దోమతెర దగ్గర చీకటిగా ఉందని ఒక చిన్న బల్బు. అల్మారా నీడ చూసి జడుసుకుంటుందేమోనని ఇంకొకటి. మంచం మీంచి జారితే కనపడాలని టేబుల్ లైటు. గదిలోకి ఎవరైనా వస్తే తెలియాలని వరండాలోది. ఒక్కో అనుమానానికి ఒక్కో దీపం పెట్టుకుంటూ పోయాను. పాప అన్ని వైపుల నుంచీ పడుతున్న వెలుతురుకు మోచేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, ముఖం చిట్లించి పడుకుని ఉంది. పాపం, ఆసామి కూతురిలాగే.

లేచి అన్నీ ఆర్పేశాను, ఒకటి తప్ప. ఆ టేబుల్ లైటు మెడ వంచి, తెల్లగోడ వైపు తిప్పాను. గది మెత్తబడింది. పాప మోచేయి కిందికి జారింది, ముఖం విప్పారింది. నాకు నవ్వొచ్చింది. అప్పటి ఆ పిల్ల అయితే ఆ ఒక్కటి కూడా ఆర్పేసి, వెళ్లి హాయిగా నిద్రపోయేది. నేను అంత దాన్ని కాను ఇప్పుడు. ఇంకోసారి వేలు పెట్టి ఊపిరి చూసుకున్నాను. కానీ ఈసారి, ముఖం బాగా కనపడింది కాబట్టి, ఒక్కసారే.